డాక్టర్ హూ పాత కథలు: ఎపిసోడ్లు ముందా, కామిక్స్ ముందా?

కొత్త డాక్టర్ హూ కొన్ని సీజన్లు చూసి, ఇక పాతవి పట్టుకుందామనుకున్న వాళ్లను ముందుగా భయపెట్టేది లెక్క. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలై 1989 డిసెంబర్‌లో ఆగేదాకా 26 సీజన్లు, దాదాపు 700 ఎపిసోడ్లు. రోజుకొకటి చూసినా రెండేళ్ల పని. దానికి తోడు 1964 నుంచి ఏదో ఒక పత్రికలో దాదాపు ఆగకుండా వస్తున్న కామిక్స్. తెలుగు డబ్బింగ్ లేదు. నల్గొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ పుస్తకాల షాపుకు పోయి అడిగితే దొరికే సరుకు కాదు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇంట్లోనే తేల్చుకుని దిగాలి.

సిరీస్ అసలే తెలియని వాళ్లకు రెండు మాటలు. డాక్టర్ వేరే గ్రహం మనిషి. బయటికి నీలం రంగు పోలీస్ ఫోన్ డబ్బాలా కనిపించి, లోపలికి పోతే పెద్ద ఇల్లంత ఉండే టార్డిస్ అనే యంత్రంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతాడు. ప్రాణం మీదికొస్తే ఒళ్లు మార్చుకుంటాడు, అప్పుడు కొత్త నటుడు వస్తాడు. చిందు భాగవతంలో వేషం కట్టే మనిషి మారినా కృష్ణుడు కృష్ణుడే అయినట్టు, ఇక్కడ కూడా డాక్టర్ డాక్టరే. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరైనా మొదలుపెట్టొచ్చు, వెనకటి కథ తెలియాల్సిన అవసరం చాలా తక్కువ.

మా సలహా ముందే చెప్పేస్తాం: ఒక్క డాక్టర్‌ను ఎంచుకోండి, ఆయనవి రెండు కథలు చూడండి, తర్వాత అదే డాక్టర్ కామిక్ చదవండి. కామిక్ రాసినవాళ్లు ఆ నటుడి గొంతును, విరుపును, నవ్వును మనసులో పెట్టుకుని మాటలు రాశారు. నాలుగో డాక్టర్‌గా వేసిన టామ్ బేకర్ గొంతు ఒకసారి చెవిలో పడితే బుడగల్లోని మాటలు వాటంతటవే ఆ గొంతులో పలుకుతాయి. పడకపోతే, పొడుగు మఫ్లర్ చుట్టుకున్న ఎవరో మనిషి ఏదో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అయితే అందరికీ ఇదే దారి కుదరదు, ఎందుకో కింద చూడండి.

ముందు తేల్చుకోవాల్సినవి

*ఇంగ్లిష్.* అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. చదివి అర్థం చేసుకోవడం వేరు, విని అర్థం చేసుకోవడం వేరు. 1970ల బ్రిటిష్ ఉచ్చారణ, మోనో సౌండు, మాటల మీదికెక్కే సంగీతం కలిస్తే ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకూ మొదటి వారం కష్టమే. సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టుకోండి, ఫోన్ స్పీకర్ కాకుండా ఇయర్‌ఫోన్ వాడండి. తెలుగు మీడియం నుంచి వచ్చి, చదవడం బాగానే వచ్చి, వినడం దగ్గర ఆగిపోయేవాళ్లు పై సలహాను తిరగేయొచ్చు: కామిక్ ముందు, ఎపిసోడ్ తర్వాత. కామిక్ పేజీ మీ కోసం ఆగుతుంది, ఎపిసోడ్ ఆగదు.

*సమయం, డేటా.* పాత ఎపిసోడ్ ఒక్కోటి సుమారు 25 నిమిషాలు. ఎక్కువ కథలు నాలుగు భాగాలు, కొన్ని ఆరేడు. 1985 సీజన్‌లో మాత్రం 45 నిమిషాల ఎపిసోడ్లు. మామూలు క్వాలిటీలో ఒక భాగానికి 300 ఎంబీ అనుకుంటే నాలుగు భాగాలకు 1.2 జీబీ, అంటే రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో మిగిలేది కొంచెమే. హెచ్‌డీ పెట్టి డేటా కాల్చుకోవద్దు. అప్పటి స్టూడియో వీడియోలోనే వివరం తక్కువ, 480 దగ్గర పెట్టుకుంటే చాలు. హైదరాబాద్ బస్సులో చూద్దామనుకునేవాళ్లు ముందురాత్రి డౌన్‌లోడ్ చేసుకుంటే ఒక నాలుగు భాగాల కథ దారిలో పూర్తవుతుంది.

*పాత తయారీ మీద ఓపిక.* సెట్లు ఊగుతాయి, రాక్షసుల వేషాల్లో రబ్బరు కనిపిస్తుంది. ఇంకొకటుంది, దాన్ని చూసి చాలామంది ఫైల్ చెడిపోయిందనుకుంటారు: పాత్రలు గదిలోంచి బయటికి రాగానే బొమ్మ తీరే మారిపోతుంది. స్టూడియోలో వీడియో కెమెరాతో, బయట 16 ఎంఎం ఫిల్మ్ మీద తీయడం వల్ల అలా ఉంటుంది. అది లోపం కాదు, కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది. టీవీలో బొమ్మను సాగదీసే సెట్టింగు మాత్రం తీసేయండి. ఇవి నాలుగుకు మూడు నిష్పత్తిలో తీసినవి, పక్కల నల్ల పట్టీలు ఉండాల్సిందే. జూమ్ పెడితే తలలు తెగిపోతాయి.

*పైసలు.* ఎపిసోడ్లకైతే స్ట్రీమింగ్ చందానో డిస్కులో కావాలి. కామిక్స్‌కైతే డిజిటల్ కాపీ చౌక, అచ్చు పుస్తకం విదేశం నుంచి రావాలి. దీని సంగతి చివర్లో.

మొదటి నుంచి వరసగా చూడటం

వినడానికి పద్ధతిగా ఉంటుంది కానీ కొత్తవాళ్లకు మేం చెప్పం. మొదటి ఎపిసోడ్ నిజంగా గొప్పది. దాన్ని తీసిన దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. నిర్మాత వెరిటీ ల్యాంబర్ట్ ఆ రోజుల్లో బీబీసీ డ్రామాలో అరుదైన యువ మహిళా నిర్మాత. తుక్కు గోదాములో ఆ నీలం డబ్బా తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిన క్షణం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ రెండో భాగం నుంచి నాలుగో భాగం దాకా కథ ఆదిమానవుల దగ్గర నిప్పు కోసం తగాదాలో చిక్కుకుంటుంది. సగం మంది అక్కడే మానేస్తారు.

అది దాటినా రెండో గోడ ఉంది. 1960లు, 70ల్లో బీబీసీ పాత టేపులు చెరిపేసి మళ్లీ వాడుకుంది, విదేశాలకు అమ్మిన ఫిల్మ్ కాపీలు కూడా చాలా పోయాయి. ఫలితంగా మొదటి ఇద్దరు డాక్టర్ల కాలంలో తొంభైకి పైగా ఎపిసోడ్ల వీడియో లేదు. దెబ్బ ఎక్కువగా 3, 4, 5 సీజన్ల మీద పడింది. వరసగా వచ్చేవాళ్లు సరిగ్గా ఊపు అందుకున్న చోట ఖాళీలో పడతారు. ఒకటి రెండు డాక్టర్లను పూర్తిగా చూసి, చరిత్ర మీద ప్రేమ కలిగిన తర్వాత ఈ దారి పట్టండి, అప్పుడు ఇదే అన్నిటికంటే తృప్తినిస్తుంది.

ఏరుకున్న కథలు చూడటం

ఎక్కువ మందికి ఇదే సరైనది. కింది కథల్లో దేన్నైనా ఒంటరిగా చూడొచ్చు.

*స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్* (1970, నాలుగు భాగాలు). మూడో డాక్టర్ జాన్ పర్ట్‌వీ మొదటి కథ, సిరీస్ రంగుల్లోకి వచ్చింది దీనితోనే. స్టూడియోలో సమ్మె వల్ల మొత్తం ఫిల్మ్ మీదే తీశారు, అందుకే పైన చెప్పిన బొమ్మ మార్పు ఇందులో ఉండదు, బ్లూ-రేలో తళతళలాడుతుంది. దుకాణం అద్దాల వెనక బట్టలు తొడుక్కుని నిలబడ్డ బొమ్మలు పొద్దున్నే కదిలి, అద్దం పగలగొట్టుకుని వీధిలోకి వస్తాయి. పాత తయారీ అంటే భయపడేవాళ్లకు మొదటి మెట్టు ఇది.

*ది రోబోట్స్ ఆఫ్ డెత్* (1977, నాలుగు భాగాలు). ఇసుకలో ఖనిజం తవ్వే పెద్ద యంత్రంలో ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. డిటెక్టివ్ నవలలు చదివినవాళ్లకు వెంటనే పట్టేస్తుంది. నాలుగో డాక్టర్ టామ్ బేకర్ కథల్లో కొత్తవాళ్లకు మేం ముందు చెప్పేది ఇదే.

*జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్* (1975, ఆరు భాగాలు). డాక్టర్‌కు బద్ధశత్రువులైన డాలెక్‌లు ఎలా పుట్టాయో చెప్పే కథ. చివరికొచ్చేసరికి డాక్టర్ చేతుల్లో రెండు వైర్లు ఉంటాయి. వాటిని తాకిస్తే ఆ జాతి మొత్తం పుట్టకముందే అంతం. తాకించే హక్కు నాకుందా అని ఆగిపోతాడు. నవ్వు లేదు, మనిషి ముఖం ఒక్కటే. టెర్రీ నేషన్ రాసిన ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఆరు భాగాలూ చూడాలి. ఒకేసారి కూర్చుని చూడొద్దు, మూడు నాలుగు భాగాల్లో పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం ఉంటుంది. రోజుకు రెండు చొప్పున మూడు రోజులు పెట్టుకోండి.

*సిటీ ఆఫ్ డెత్* (1979, నాలుగు భాగాలు). ప్యారిస్‌లో తీసింది, మోనాలిసా దొంగతనం, హాస్యం. స్క్రిప్టులో డగ్లస్ ఆడమ్స్ చేయి పెద్దది. ఇంట్లో పిల్లలు, ఇంటర్ చదివేవాళ్లు కలిసి చూసేలా ఉంటుంది, కానీ మాటలు వేగంగా సాగుతాయి కాబట్టి సబ్‌టైటిల్స్ లేకుండా సగం నవ్వు పోతుంది.

*ది కేవ్స్ ఆఫ్ యాండ్రోజాని* (1984, నాలుగు భాగాలు). అయిదో డాక్టర్ పీటర్ డేవిసన్ చివరి కథ. 2009లో డాక్టర్ హూ మ్యాగజైన్ పాఠకులు అప్పటిదాకా వచ్చిన అన్ని కథల్లో దీనికే మొదటి స్థానం ఇచ్చారు. ముందు ఆయనది వేరే కథ ఒకటి చూసి ఇది చూస్తేనే గుండె బరువెక్కుతుంది.

నలుపు తెలుపుల్లో ఒకటి కావాలంటే *ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్* (1967, నాలుగు భాగాలు), రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్‌ది. పోయిందనుకున్న ఈ కథ కాపీ 1991లో హాంకాంగ్‌లో దొరికింది.

పేరున్నదే అయినా మొదటి వరసలో పెట్టనిది *ది టాలన్స్ ఆఫ్ వెంగ్-చియాంగ్* (1977). రాతపరంగా బలమైన కథే, కానీ తెల్ల నటుడికి మేకప్ వేసి చైనా మనిషిగా చూపించడం, ఆ జాతిని చిత్రించిన తీరు ఇవాళ చూస్తుంటే మింగుడు పడదు. పిల్లలతో కలిసి చూసేది కాదు.

ఏ కథ చూసినా ప్రతి భాగం మొదటి నిమిషంలో వెనకటి భాగం చివరి ఘట్టాన్ని మళ్లీ చూపిస్తారు. వారానికొకటి వచ్చిన రోజుల కోసం పెట్టిన ఏర్పాటు అది. నాలుగూ వరసగా చూస్తే అదే విసుగు తెప్పిస్తుంది. రాత్రి అన్నం తిన్నాక ఒకటి, మహా అయితే రెండు.

వీడియో లేని కథలు

అప్పటి అభిమానులు ఇంట్లో టేపు రికార్డర్ పెట్టి టీవీ మాటలు పట్టుకున్నారు, అందువల్ల పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ ఆడియో మిగిలింది. ఆ ఆడియోకు బొమ్మలు గీసి బీబీసీ కొన్నిటిని యానిమేషన్‌గా తెచ్చింది. 2016లో వచ్చిన *ది పవర్ ఆఫ్ ది డాలెక్స్*, 2019లో వచ్చిన *ది మాక్రా టెర్రర్* మంచి ఉదాహరణలు. యానిమేషన్ సాదాసీదాగా ఉంటుంది, జపాన్ యానిమే స్థాయి ఆశించొద్దు. ట్రౌటన్ నచ్చినవాళ్లకే ఇవి.

డాక్టర్ హూ మ్యాగజైన్ కామిక్స్

1979 అక్టోబర్‌లో మార్వెల్ యూకే వారపత్రికగా మొదలై, మరుసటి ఏడు మాసపత్రికైన ఈ పత్రికలో వచ్చినవే కామిక్స్‌లో అసలైన సంపద. మొదటి కథ *ది ఐరన్ లీజియన్*. రాసింది ప్యాట్ మిల్స్, జాన్ వాగ్నర్, గీసింది డేవ్ గిబ్బన్స్. ఇంగ్లండ్ పల్లె మీద రోమన్ సైనికుల రూపంలో రోబోలు విరుచుకుపడతాయి. రోమ్ సామ్రాజ్యం ఎన్నడూ కూలని వేరే భూమి నుంచి వచ్చాయవి. ఇలాంటి దండయాత్ర అప్పటి టీవీ బడ్జెట్‌లో ఊహకు కూడా అందదు. కామిక్స్ ఎందుకు చదవాలి అంటే జవాబు ఆ పేజీల్లోనే ఉంది: డాక్టర్ అదే, ఖర్చు భయం లేదు.

అదే బృందం చేసిన *ది స్టార్ బీస్ట్* (1980) పిల్లలకు, మొదటిసారి కామిక్ పట్టుకునేవాళ్లకు అన్నిటికంటే తేలిక. బొచ్చుబొమ్మలాంటి మీప్ అనే జీవి, ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, ఇద్దరు స్కూలు పిల్లలు. 2023 నవంబర్‌లో టీవీలో డేవిడ్ టెనెంట్‌తో వచ్చిన ఎపిసోడ్‌కు మూలం ఇదే, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. కామిక్ ముందు చదవండి, మలుపు అందులోనే బాగా పండింది.

అయిదో డాక్టర్‌కు *ది టైడ్స్ ఆఫ్ టైమ్*, స్టీవ్ పార్క్‌హౌస్ రాత, గిబ్బన్స్ బొమ్మలు. డాక్టర్ స్టాక్‌బ్రిడ్జ్ అనే పల్లెలో క్రికెట్ ఆడుతుంటాడు. అంతలో కాలం పగుళ్లు తీసి, వచ్చే బంతి చేతిబాంబుగా మారిపోతుంది. అక్కడి నుంచి కథ కలలాగా సాగుతుంది, కొన్ని పేజీలు రెండుసార్లు చదవాలి. ఆరో డాక్టర్ కాలిన్ బేకర్ సంగతి ఇంకా విశేషం. టీవీలో ఆయనకు మంచి కథలు తక్కువ పడ్డాయి. *వాయేజర్*లో జాన్ రిడ్జ్‌వే సన్న గీతలతో ఆయనకు ఇచ్చిన లోకం చూస్తే ఆ డాక్టర్ మీద అభిప్రాయమే మారుతుంది. వెంట తిరిగే స్నేహితుడు ఫ్రోబిషర్ పెంగ్విన్ రూపంలో ఉంటాడు.

ఏమీ చూడకుండా కామిక్స్‌తోనే ఉండిపోవాలనుకునేవాళ్లకు ఒక్కటే సరైన జాగా: ఎనిమిదో డాక్టర్. పాల్ మెక్‌గాన్ పాత కాలంలో తెర మీద కనిపించింది 1996 టీవీ సినిమాలో ఒక్కసారే. 2005లో సిరీస్ మళ్లీ మొదలయ్యేదాకా పత్రికలో ఆయన కథే నడిచింది. *ఎండ్ గేమ్*, *ది గ్లోరియస్ డెడ్*, *అబ్లివియన్*, *ది ఫ్లడ్* అని నాలుగు సంపుటాలు, ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, వరస తప్పకూడదు.

చదివే పద్ధతి గురించి ఒక మాట. నెలకు కొన్ని పేజీల చొప్పున, ప్రతి విడత చివర ఒక ఉత్కంఠతో రాసినవి ఇవి. సంపుటంలో ఏకబిగిన చదివితే పేజీ పేజీకి గండం వచ్చినట్టు అలసట పుడుతుంది. విడత దగ్గర ఆపండి. మొదటి ఇరవై ఏళ్లవి ఎక్కువగా నలుపు తెలుపు. తర్వాత అమెరికాలో రంగులద్ది వేసిన ప్రతులున్నాయి, కానీ గిబ్బన్స్ నీడలు నలుపు కోసమే వేశాడు, రంగు పడితే బరువు తగ్గుతుంది. రెండూ దొరికితే నలుపు తెలుపే తీసుకోండి. ఆరంగుళాల ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఫోనే ఉంటే అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదవండి. ఒక్కో గడినే పెద్దది చేసి చూపే పద్ధతిలో పేజీ కూర్పు అందం పోతుంది.

ఐడీడబ్ల్యూ, టైటన్ కామిక్స్, ఇంకా పాతవి

ఐడీడబ్ల్యూ, టైటన్ రెండూ కామిక్స్ ప్రచురణ సంస్థలు. ఐడీడబ్ల్యూ 2008 నుంచి 2013 దాకా, టైటన్ 2014 నుంచి వేసినవి పూర్తి రంగుల్లో, ఇప్పటి వేగంతో ఉంటాయి. కొత్త టీవీ సిరీస్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇవి సులువు. పాత డాక్టర్లతోనూ ఉన్నాయి: మూడో డాక్టర్‌కు పాల్ కార్నెల్ రాసిన *హెరాల్డ్స్ ఆఫ్ డిస్ట్రక్షన్*, నాలుగో డాక్టర్‌కు *గేజ్ ఆఫ్ మెడూసా*. రెండూ అయిదేసి సంచికల్లో ముగుస్తాయి, పెద్ద వరస మీద పడదు. పన్నెండో డాక్టర్ మొదటి సంపుటంలో *ది స్వోర్డ్స్ ఆఫ్ కాళి* భారతదేశంలో, భవిష్యత్తు ముంబయిలో నడుస్తుంది.

1964లో టీవీ కామిక్ పత్రికలో వచ్చిన తొలి కథలు చరిత్ర కోసం తప్ప వద్దు. అందులో డాక్టర్‌కు టీవీలో లేని మనవడు, మనవరాలు ఉంటారు. అదే కాలంలో టీవీ సెంచరీ 21లో వచ్చిన డాలెక్ కామిక్ వేరు: డాక్టర్ అసలు లేడు, డాలెక్‌లే నాయకులు, వారానికో పేజీ, అద్భుతమైన రంగులు. అది దొరికితే వదలొద్దు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఇంగ్లిష్ కష్టం | ఒక కథకు సమయం | దొరకడం | ఎవరికి |
|---|---|---|---|---|
| మొదటి నుంచి వరసగా | ఎక్కువ, వినాలి | నెలలు, ఏళ్లు | మధ్యలో ఖాళీలు | ఇప్పటికే అభిమానులైనవాళ్లు |
| ఏరుకున్న ఎపిసోడ్లు | మధ్యస్థం, సబ్‌టైటిల్స్‌తో | గంటన్నర నుంచి రెండున్నర గంటలు | డిస్కులు, స్ట్రీమింగ్ | చాలామందికి |
| పోయిన కథల యానిమేషన్ | ఎక్కువ | గంటన్నర నుంచి మూడు గంటలు | ఎక్కువగా డిస్కులే | ట్రౌటన్ ఇష్టులు |
| మ్యాగజైన్ కామిక్స్ | చదవగలిగితే చాలు | రెండు మూడు సాయంత్రాలు | అచ్చు సంపుటాలు, కొన్ని స్టాకు లేవు | బొమ్మల ప్రేమికులు |
| టైటన్, ఐడీడబ్ల్యూ | తక్కువ | ఒక సాయంత్రం | డిజిటల్‌లో సులువు | కొత్త సిరీస్ చూసినవాళ్లు |

డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు *ది రోబోట్స్ ఆఫ్ డెత్* డౌన్‌లోడ్ చేసుకుని, నచ్చితే టైటన్ డిజిటల్ సంచికకు వెళ్లండి. అచ్చు పుస్తకం కొనే ఖర్చు అప్పుడే పెట్టుకోవద్దు. ఆరో తరగతి పిల్లలతో కలిసి చూసే తల్లిదండ్రులకు *ది స్టార్ బీస్ట్* కామిక్, తర్వాత *సిటీ ఆఫ్ డెత్*. *జెనెసిస్*‌లో యుద్ధం, విషవాయువు ఉంటాయి, పిల్లలకు కాస్త వయసు రానివ్వండి. ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు కామిక్స్ మంచి సరుకు: చిన్న వాక్యాలు, పక్కనే బొమ్మ, మాట అర్థం కాకపోయినా పని అర్థమవుతుంది.

కొనే ముందు

స్ట్రీమింగ్ హక్కులు చేతులు మారుతుంటాయి. చందా కట్టే ముందు ఆ యాప్‌లో కథ పేరుతో వెతికి చూడండి, సిరీస్ పేరుతో కాదు. సిరీస్ పేరు కొడితే 2005 తర్వాతివే వచ్చి, పాతవీ ఉన్నాయనుకుని మోసపోతారు. డిస్కుల్లో చిక్కు రీజియన్, అంటే ఏ ప్రాంతం ప్లేయర్‌లో ఆడాలో తేల్చే కోడ్. భారత్ డీవీడీలకు రీజియన్ 5, బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, మామూలు ప్లేయర్ వాటిని తీసుకోదు. బ్లూ-రేలోనూ మనది సి, బ్రిటన్‌ది బి. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటేనే తెప్పించండి. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ మొత్తం అయిదుసార్లే, అయిదోసారి పెట్టినదే శాశ్వతం.

కామిక్స్‌లో ఎక్కువ మంది పైసలు పోగొట్టుకునేది ఒకే కథను రెండుసార్లు కొని. *ది ఐరన్ లీజియన్*, *ది స్టార్ బీస్ట్* లాంటివి మార్వెల్, ఐడీడబ్ల్యూ, పానిని అనే మూడు ప్రచురణ సంస్థలూ వేర్వేరు అట్టలతో వేశాయి. సంపుటం పేరు చూసి కాదు, లోపలి కథల జాబితా చూసి కొనండి. ఐరన్ లీజియన్ పేరుతో ఉన్న పానిని సంపుటంలో స్టార్ బీస్ట్ కూడా ఉంది, విడిగా కొననక్కర్లేదు. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర, డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక కన్నేసి ఉంచండి, కానీ అవి దొరికితేనే మొదలుపెడతామని కూర్చోవద్దు. విదేశం నుంచి తెప్పిస్తే పుస్తకం ధరకు రవాణా, సుంకం కలిపి చూసుకోండి. ఒక్కటి తెప్పించే బదులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పార్సిల్‌లో తెప్పిస్తే రవాణా తలా కొంత పడుతుంది.